తీగ వేరు, కట్టుబాటు వేరు

ఇంటిలో ఇంటర్నెట్టు ఆగిపోయినప్పుడు మన నోట వెంటనే వచ్చు మాట ఒక్కటే: "లైను పోయినది." పోయినది నిజముగా లైనేనా? వీధిలో కేబులు తెగియుండవచ్చును. గోడమీది పెట్టెకు కరెంటు అందకపోవచ్చును. ఇవి వస్తువులకు కలిగిన లోపములు. కాని ఒక్కొక్కప్పుడు తీగ తెగదు, పెట్టె చెడదు, పెట్టెమీది దీపములన్నియు పచ్చగనే వెలుగుచుండును. అయినను కోరిన చోటికి చేరలేము. అప్పుడు చెడినది తీగ కాదు. తీగ కొసలనున్న యంత్రముల నడుమ గల కట్టుబాటు. దానినే నిపుణులు ప్రోటోకాలు అందురు. తీగ వేరు, కట్టుబాటు వేరు. చూచుటకు స్వల్పముగా తోచు ఈ భేదము మీదనే నేటి ప్రపంచ వార్తావ్యవస్థ నిలిచియున్నది. దానిని గూర్చి ఈనాడు కొంత ముచ్చటింతము.

అందరకు పరిచితమైన తపాలాతో ప్రారంభింతము. కవరు మీద పేరు, వీధి, ఊరు, ఆరంకెల పిన్ కోడు వ్రాసి పెట్టెలో వేయుదుము. ఒకప్పుడు ఉత్తరముల సంచిని భుజమున వేసికొని, చేత గజ్జెలు కట్టిన ఈటె పట్టుకొని, అడవిదారిలో తపాలా రన్నరు పరుగెత్తెడివాడు. పిమ్మట రైలు వచ్చెను, మోటారు వచ్చెను, విమానము వచ్చెను. మోయు సాధనము మారినప్పుడెల్ల చిరునామా వ్రాయు తీరును మనము మార్చుకొనలేదు. రన్నరు సంచిలో వేసిన కవరునే విమానములోను వేసితిమి.

దీనికి రెండవ వైపు కూడ కలదు. 1972 ఆగస్టు 15న మన దేశమున పిన్ కోడు అమలులోనికి వచ్చెను. మొదటి అంకె 5 అయినచో ఆ ఉత్తరము నేటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక రాష్ట్రములున్న మండలమునకు పోవలసినదని తెలియును; తక్కిన అంకెలను బట్టి క్రమముగా ఏ తపాలా కార్యాలయమునకు చేరవలెనో తేలును. ఈ మార్పు కొరకు ఒక్క రైలు పట్టా అయినను కొత్తగా వేయనక్కరలేకపోయెను. బండ్లు అవే, దారులు అవే. మారినది కట్టుబాటు మాత్రమే. కనుక సాధనమును మార్చి కట్టుబాటును నిలుపుకొనవచ్చును. కట్టుబాటును మార్చి సాధనమును నిలుపుకొనవచ్చును. రెండును వేరు వేరనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

మరియొక విశేషము గమనింపుడు. తపాలావారు కవరు పైభాగము మాత్రమే చదువుదురు. లోపల ఉన్నది పెండ్లి శుభలేఖయో, అప్పులవాని తాఖీదో వారికి నిమిత్తము లేదు. అది తెలుగులో ఉన్నను ఉర్దూలో ఉన్నను వారి పని ఒక్కటే. ఎవరి పని ఎంతవరకో అంతవరకే చూచుకొనుట అను ఈ నియమము ముందు మనకు మరల ఉపకరించును.

మేము పనిచేయు రేడియో రంగమున ఈ భేదము ఒకప్పుడు దేశముల మధ్య తగవుగా పరిణమించినది. 20వ శతాబ్ది ఆరంభమున ఓడలలో నిస్తంత్రీ యంత్రములను అమర్చిన సంస్థలలో మార్కొని సంస్థ ప్రముఖమైనది. ఆ సంస్థ యంత్రమును, యంత్రము ముందు కూర్చుండు ఉద్యోగిని కూడ తానే సమకూర్చి, ఇతరుల యంత్రములు గల ఓడలతో, ఆపద సమయమున తప్ప, వార్తలు ఇచ్చిపుచ్చుకొనరాదని కట్టడి చేసెను. 1902లో జర్మనీ చక్రవర్తి సోదరుడు హైన్రిక్ రాకుమారుడు అమెరికా నుండి డాయిచ్‌లాండ్ అను ఓడలో స్వదేశమునకు వచ్చుచు పంపదలచిన వార్తను మార్కొని కేంద్రములు స్వీకరింపలేదు. ఆ ఓడలోని యంత్రము జర్మనీలో తయారైనది. ఆకాశము ఉభయులకు ఒక్కటే. చుక్కలు, గీతలు గల మోర్సు సంకేతములు ఉభయులకు తెలిసినవే. లేనిది ఒక్కటే: యంత్రము ఎవరిదైనను మాట ఆలకింతుమను ఒడంబడిక.

ఈ తగవును తీర్చుటకు 1903లో బెర్లిను నగరమున దేశముల ప్రతినిధులు సమావేశమైరి. మరల 1906లో అచ్చటనే కూడి ఒక ఒడంబడిక మీద సంతకములు చేసిరి. తీరమునందలి కేంద్రములును, ఓడలును, తమ యంత్రము ఏ పద్ధతిదైనను, పరస్పరము వార్తలు మార్చుకొనవలసినదేయని అది విధించినది. ఆపదలోనున్న ఓడలకు ఎస్.ఓ.ఎస్. సంకేతమును దేశములన్నిటికి సామాన్యము చేసినదియు అదియే. 1908 జూలై 1న ఆ ఒడంబడిక అమలునకు వచ్చెను. ఆనాడు కొత్త తరంగమేదియు కనిపెట్టబడలేదు. కొత్త స్తంభమేదియు నిలుపబడలేదు. అయినను అంతకు ముందు మూగవైన ఓడలు ఒకదానితో ఒకటి మాటలాడసాగెను.

మోర్సు సంకేతముల చరిత్ర కూడ ఇదే నీతిని బోధించును. 1844లో వాషింగ్టను, బాల్టిమోరు నగరముల నడుమ అవి తీగ మీద పయనించెను. పిమ్మట రేడియో తరంగముల మీద పయనించెను. నావికులు దీపమును మూయుచు తెరచుచు అవే సంకేతములను వెలుగుతో పంపిరి. మన దేశమున టెలిగ్రాము సేవ 2013 జూలైలో ముగిసెను. మోర్సు సంకేతములు మాత్రము ముగియలేదు. అమెచ్యూరు రేడియో అభిమానులు నేటికిని వానితో ఖండాంతరములకు పలుకరించుకొనుచున్నారు. తీగ పోయినది, కట్టుబాటు నిలిచినది.

మీ ఇంటి రేడియో పెట్టెలోనే మరియొక ఉదాహరణము కలదు. మీడియం వేవు ప్రసారమున ధ్వనిని అనుసరించి తరంగము యొక్క ఎత్తు పెరుగుచు తరుగుచుండును. ఎఫ్.ఎం. ప్రసారమున ఎత్తు మారదు, సెకనుకు కలుగు కంపనముల సంఖ్య మారుచుండును. రెండును రేడియో తరంగములే. కాని ధ్వనిని తరంగము మీద ఎక్కించు కట్టుబాటు వేరగుటచే, రెంటికిని వేరు వేరు విధముల తెరపి కావలసివచ్చినది. పంపువాడును వినువాడును ఒకే కట్టుబాటును పాటింపనిచో, ఎంత బలమైన ట్రాన్స్‌మిటరైనను చేరవేయునది గురగుర ధ్వని మాత్రమే.

ఇక కంప్యూటర్ల సంగతి. 1969 అక్టోబరు 29న అమెరికాలో, లాస్ ఏంజలిస్ నగరమునందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము నుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు ఆర్పానెట్టు మీద తొలి సందేశము పంపబడెను. పంపదలచిన మాట 'లాగిన్'. ఎల్, ఓ అను రెండు అక్షరములు చేరునప్పటికి అవతలి కంప్యూటరు నిలిచిపోయెను. ఆ రెండక్షరముల నుండి పెరిగిన వ్యవస్థ 1970 దశకమునకు ఒక చిక్కులో పడినది. ఆర్పానెట్టు టెలిఫోను తీగల మీద నడచుచుండెను. మరియొక వ్యవస్థ రేడియో తరంగముల మీద నడచుచుండెను. ఇంకొకటి ఉపగ్రహము మీద. దేని వేగము దానిది, దేని పద్ధతి దానిది. వీనిని కలుపుట ఎట్లు?

అన్నిటిని పడగొట్టి ఒకే తీరున కట్టుట ఒక మార్గము. వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు 1974లో ప్రకటించిన వ్యాసమున వేరొక మార్గము సూచించిరి. ఏ వ్యవస్థను అందున్నట్లే ఉండనిండు. అన్నిటికిని పైన ఒక సామాన్యమైన కట్టుబాటును నిలుపుడు. క్రింది వ్యవస్థ చేయవలసినది ఒక్కటే: తన చేతికి వచ్చిన పొట్లమును చిరునామా చూచి, చేతనైనంతవరకు ముందునకు సాగించుట. ఈ చిరునామా కట్టుబాటుకే తరువాత ఐ.పి. అను పేరు స్థిరపడెను. దారిలో కొన్ని పొట్లములు పోవచ్చును, కొన్ని వెనుకముందులు కావచ్చును. వానిని సరిచూచుకొను భారము రెండు కొసలనున్న కంప్యూటర్లది. ప్రతి పొట్లమునకు క్రమసంఖ్య వేయుట, అందినదని రసీదు పంపుట, రసీదు రానిచో మరల పంపుట, ఇది టి.సి.పి. అను రెండవ కట్టుబాటు. శుభలేఖయో తాఖీదో చూడని తపాలా మర్యాదయే ఇచ్చటను నడచుచున్నది.

1977 నవంబరు 22న దీనికి ఒక పరీక్ష జరిగెను. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున రోడ్డు మీద పోవుచున్న ఒక వాహనము నుండి రేడియో ద్వారమున బయలుదేరిన పొట్లములు, తీగల మీదుగను, ఉపగ్రహము మీదుగను అట్లాంటిక్ సముద్రము దాటి ఐరోపా చేరి, మరల అమెరికాకు వచ్చి, లాస్ ఏంజలిస్ నగరమునందలి కంప్యూటరును చేరెను. మూడు సాధనములు, ఒకే కట్టుబాటు. 1983 జనవరి 1న ఆర్పానెట్టు తన పాత పద్ధతిని విడిచి ఈ కొత్త కట్టుబాటును స్వీకరించెను.

సాధనము ఏదైనను చెల్లునను మాటను కొందరు హాస్యమునకు కూడ లాగిరి. 1990 ఏప్రిల్ 1న, ఆ దినమునకు తగినట్లుగనే, డేవిడ్ వెయిట్జ్‌మన్ అను ఇంజనీరు పావురముల కాళ్లకు పొట్లములు కట్టి ఐ.పి. నడుపు విధానమును శాస్త్రోక్తముగా వ్రాసి ప్రకటించెను. 2001 ఏప్రిల్‌లో నార్వే దేశపు బెర్గెన్ నగరమునందలి ఉత్సాహవంతులు దానిని నిజముగనే నడపి చూచిరి. తొమ్మిది పొట్లములు పంపగా నాలుగింటికి జవాబు వచ్చినది. ఒక్కొక్క జవాబునకు సుమారు గంట మొదలు గంటన్నరకు పైగా పట్టినది. నవ్వుకొనదగిన వేగమే. కాని కట్టుబాటు చెడలేదు. తీగయు కరెంటును లేని పావురము కూడ ఇంటర్నెట్టులో భాగము కాగలిగెను.

తీగ చెడుటకును, కట్టుబాటు చెడుటకును గల భేదము 2008వ సంవత్సరమున ఒక్క నెలలోపలనే ప్రపంచమునకు తెలిసివచ్చినది. జనవరి 30న ఈజిప్టు దేశపు అలెగ్జాండ్రియా రేవుకు సమీపమున, మధ్యధరా సముద్రగర్భమున రెండు కేబుళ్లు దెబ్బతినెను. మన దేశము నుండి పడమటికి పోవు సందేశములలో పెద్ద భాగము ఆ దారినే పోవుచుండెను. ఇక్కడి కార్యాలయములలో ఇంటర్నెట్టు మందగించెను, కొన్ని చోట్ల నిలిచెను. కాని అంతయు నిలువలేదు. కట్టుబాటు ఆరోగ్యముగా ఉన్నది కనుక, పడమటి దారి మూసిన పొట్లములు తూర్పున పసిఫిక్ సముద్రము మీదుగా చుట్టుదారి పట్టి పోయెను. తెగిన కేబులునకు మాత్రము ఓడ రావలసివచ్చినది. కొక్కెములతో దానిని పైకి లాగి, అతికి, మరల దింపవలసివచ్చినది. దానికి దినములు పట్టినవి.

ఆ పిమ్మట ఫిబ్రవరి 24న మరియొకటి జరిగినది. పాకిస్తాను ప్రభుత్వ యంత్రాంగము తమ దేశమున యూట్యూబును నిలుపవలెనని ఆజ్ఞాపించెను. అచ్చటి టెలికాం సంస్థ, యూట్యూబు చిరునామాలలో కొన్నింటికి దారి తన వైపేయని తన వ్యవస్థలో ప్రకటించెను. ఇంటర్నెట్టులో దారులు చూపు యంత్రములను రూటర్లందురు. అవి ఒకదానికొకటి "ఈ చిరునామాలకు దారి నా వైపు" అని చెప్పుకొనుచుండును, విన్నవి నమ్మును. అంతేకాదు, మరింత నిర్దిష్టముగా చెప్పినవాని మాటకే ఎక్కువ విలువ ఇచ్చును. తెలంగాణ ఉత్తరములన్నియు నాకిండని ఒకడును, వరంగల్లు ఉత్తరములు నాకిండని మరియొకడును అన్నచో, వరంగల్లు ఉత్తరము రెండవవానికే పోవును. ఇక్కడ జరిగినదియు అదియే. దేశము లోపల ఆగవలసిన ఆ ప్రకటన హాంగ్‌కాంగ్‌లోని ఒక పెద్ద సంస్థ ద్వారమున లోకమంతట ప్రాకెను. సుమారు రెండు గంటల కాలము ప్రపంచమున పెక్కు చోట్ల యూట్యూబు కనబడకపోయెను. ఒక్క తీగయు తెగలేదు. ఒక్క యంత్రమును కాలలేదు. దానిని బాగుచేయుటకు ఓడ రాలేదు. తప్పుడు ప్రకటనను ఉపసంహరించిన వెంటనే దారులు చక్కబడెను.

మొదటిది వస్తువునకు తగిలిన గాయము, రెండవది నమ్మకమునకు తగిలిన గాయము. కట్టుబాటు అనునది పరస్పరము మాట నమ్ముట మీద ఆధారపడినది. ఫలానా చిరునామాలు ఫలానావారివేయని సంతకముతో ధ్రువపరచు పద్ధతిని తరువాతి కాలమున ప్రవేశపెట్టిరి. అందరును పాటించినప్పుడే దాని ప్రయోజనము సంపూర్ణమగును.

అట్లని కట్టుబాటునకు సాధనముతో బొత్తిగా సంబంధము లేదనరాదు. భూమి నుండి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున నిలిచియుండు ఉపగ్రహము మీదుగా ప్రశ్న పోయి జవాబు వచ్చుటకు దాదాపు అర సెకను పట్టును. ఏ కట్టుబాటును వెలుగు వేగమును పెంచజాలదు. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలోని బర్క్‌లీయందు, సుమారు 400 గజముల దూరమున గల రెండు చోట్ల నడుమ, సెకనుకు 32 వేల బిట్లు పోవలసిన దారిలో 40 బిట్లు మాత్రమే పోసాగెను. కారణమేమి? రసీదు రాలేదని ప్రతి కంప్యూటరును అదే పొట్లమును మరల మరల పంపుచు, ఇరుకు సందులో జాతర జనమువలె దారిని తానే మూసివేయుచుండెను. వాన్ జేకబ్సన్ అను శాస్త్రజ్ఞుడు, పొట్లము పోయినదనగా దారి క్రిక్కిరిసినదని భావించి వేగము తగ్గించుకొను నియమమును రూపొందించి, 1988లో ప్రకటించెను. తీగను వెడల్పు చేయకయే దారి తెరపి అయ్యెను. కాని ఆ నియమము తీగలను మనస్సులో ఉంచుకొని చేసినది. గాలిలో పోవు సందేశము రద్దీ లేకున్నను అంతరాయముచే నశింపవచ్చును. అప్పుడు కూడ కంప్యూటరు రద్దీయని భ్రమించి వృథాగా మందగించును. సాధనము మారినప్పుడు కట్టుబాటులోని పాత ఊహలు ఇట్లు బయటపడును. వానిని పెద్దలు ఎప్పటికప్పుడు సవరించుచున్నారు.

ఈ రెంటిలో ఏది మార్చుట కష్టము? కంటికి కనబడు కేబుళ్లు, స్తంభములు మార్చుటయే కష్టమని తోచును. అనుభవము వేరుగా ఉన్నది. ఐ.పి. నాలుగవ రూపమున ఉండగల చిరునామాలు సుమారు 429 కోట్లు. అవి చాలవని ముందే గ్రహించి, 1995 డిసెంబరులోనే ఆరవ రూపమునకు తొలి ప్రణాళిక ప్రకటించిరి. 2011 ఫిబ్రవరిలో నాలుగవ రూపపు కేంద్రనిధి నుండి చివరి భాగములు కూడ పంచబడినవి. 2012 జూన్ 6న కొత్త రూపమును లోకమంతట ప్రారంభించిరి. అయినను పాతది పోలేదు. రెండును ప్రక్కప్రక్కన నడచుచున్నవి. ఈ మధ్యకాలమున మన ఇండ్లలో టెలిఫోను తీగ పోయి గాజుతీగ వచ్చినది, చేతిలోని ఫోను ఎన్ని మార్లు మారినదో లెక్కలేదు. తీగను ఒకరు మార్చుకొనవచ్చును. కట్టుబాటును అందరును కలిసి మార్చుకొనవలెను. 1983లో కొన్ని వందల యంత్రములకు ఒక్క దినము చాలెను. నేడు అది తరముల పని.

దీనితో మన ఇంటికేమి పని అందురేమో. కలదు. ఇంటర్నెట్టు కట్టుబాట్లు 1969 నుండియు బహిరంగముగా వ్రాసి, ఎవరైనను చదువుకొనునట్లు ఉంచబడినవి. అందుచేతనే ఒక దేశమున చేసిన ఫోను, మరియొక దేశమున చేసిన రూటరు, వేరొక సంస్థ వేసిన కేబులు మన ఇంటిలో కలిసి పనిచేయుచున్నవి. కాని నేడు అంగడిలో దొరకు దీపములు, తాళములు, కెమెరాలు మొదలగు కొన్ని వస్తువులు తమ సంస్థ వస్తువులతోనే మాటలాడును. ఆ సంస్థ తన సేవను మానుకొన్ననాడు, వస్తువు చెడకపోయినను మూగవోవును. 1902లో ఓడలకు పట్టిన గతియే అది.

కనుక ఇట్టి వస్తువును కొనునప్పుడు దాని ధరను, రూపమును, హామీ పత్రమును చూచుటతో తృప్తి చెందక, ఇది ఇతరుల వస్తువులతో మాటలాడగలదా, చేసిన సంస్థ లేకున్నను పనిచేయగలదా అని అంగడివానిని అడుగుడు. రేపు ఇంటర్నెట్టు నిలిచినప్పుడు కూడ లైను పోయినదని ఊరకుండక, పోయినది తీగయా, కట్టుబాటా అని విచారింపుడు. తీగ అయినచో పనివాడు నిచ్చెనతో వచ్చును. కట్టుబాటు అయినచో నిచ్చెన పనికిరాదు. ఎక్కడనో ఒకరు తాము చెప్పిన మాటను సరిదిద్దుకొనవలెను.